ముద్ద గొంతులో ఆగుతోందా? గ్యాస్ అనుకుని వదిలేయకండి

కోట నుంచి ఇంకో ఎపిసోడ్ ఇది. ఈరోజు టాపిక్ మనలో చాలామందికి ఉన్నదే, కానీ డాక్టర్‌కి చెప్పడానికి మొహమాటపడేది. ఒకటి, గుండెల్లో మంట, పులితేన్పులు. రెండోది, తింటుంటే ముద్ద కిందికి దిగకపోవడం.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి, కోడింగ్ చేసి, ఇప్పుడు వీడియోలు చేస్తున్నవాణ్ణి. ఇది ట్రీట్మెంట్ కాదు, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలో చెప్పే వీడియో అనుకోండి.

మన ఊళ్లలో ఛాతీకి, పొట్టకి సంబంధించి ఏమొచ్చినా ఒకటే పేరు, "గ్యాస్". మంటొస్తే గ్యాస్, నొప్పొస్తే గ్యాస్, ముద్ద దిగకపోయినా గ్యాసే. మెడికల్ షాపుకెళ్లి "అన్నా, గ్యాస్ బిళ్ల ఒకటి ఇయ్యి" అంటాం, వేసుకుంటాం, మర్చిపోతాం. మంట, ముద్ద ఆగడం రెండూ వేర్వేరు సంగతులు. ఆ తేడా తెలియడం కోసమే ఈ ఎపిసోడ్.

సరే, లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గొంతు నుంచి కడుపు దాకా ఒక గొట్టం ఉంటుంది. అన్నవాహిక అంటారు. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. ముద్ద అందులో దానంతటదే జారిపడదు. గొట్టం కండరాలు అలలాగా కదిలి కిందికి తోస్తాయి. అందుకే తలకిందులుగా ఉన్నా మింగగలం. గొట్టం చివర ఒక వాల్వ్ లాంటి కండరం ఉంటుంది. ముద్ద వచ్చినప్పుడు తెరుచుకోవాలి, వెళ్లాక మూసుకోవాలి.

ఆ వాల్వ్ మూసుకోవాల్సినప్పుడు వదులైతే కడుపులోని యాసిడ్ పైకొస్తుంది. కడుపుకి లోపల ఒక రక్షణ పొర ఉంది, అన్నవాహికకి అలాంటిది లేదు. అందుకే మంట. దీన్నే యాసిడ్ రిఫ్లక్స్ అంటారు.

మన వయసు వాళ్లకి ఇది ఎందుకొస్తుంది? నైట్ షిఫ్ట్ చేసి రాత్రి పన్నెండుకి బిర్యానీ తిని, వెంటనే ఫోన్ పట్టుకుని పడుకుంటాం. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లదీ అదే పరిస్థితి, టైముకి తిండి ఉండదు. దానికి తోడు సిగరెట్, మందు, బొజ్జ. కడుపు నిండా ఉండగా పడుకుంటే యాసిడ్ పైకి రావడానికి దారి ఇచ్చినట్టే.

చేయాల్సినవి సింపుల్. తిన్నాక కనీసం 3 గంటల గ్యాప్ ఇచ్చి పడుకోండి. తల వైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తండి. రెండు దిండ్లు పెట్టుకుంటే చాలదు, అప్పుడు నడుం దగ్గర వంగి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎడమ వైపు తిరిగి పడుకుంటే ఇంకా మంచిది. బరువు ఎక్కువుంటే తగ్గాలి. చేపల పులుసు మానేయాలా అంటారా? అందరూ మానక్కర్లేదు. ఏది తింటే మీకు మంటొస్తుందో వారం రోజులు ఫోన్‌లో రాసుకోండి, అది తగ్గించండి.

ఇక బిళ్లలు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి చాలామంది తిన్నాక మంటొచ్చినప్పుడు వేసుకుంటారు. అవి పనిచేసేది యాసిడ్ తయారయ్యే చోట. అందుకే మామూలుగా తినడానికి అరగంట ముందు వేసుకోమంటారు. డాక్టర్ చెప్పకుండా నెలల తరబడి వాడటం మాత్రం కరెక్ట్ కాదు. సర్వర్ అలర్ట్ ఇస్తుంటే లాగ్ చూడకుండా మ్యూట్ కొట్టినట్టే అది.

ఇప్పుడు అసలు విషయం, ముద్ద ఆగడం. డాక్టర్ దగ్గరికెళ్తే మొదట అడిగేది ఇదే: "అన్నం, చపాతీ మాత్రమే ఆగుతున్నాయా, నీళ్లు కూడా ఆగుతున్నాయా?" మొదట గట్టివి ఆగి, తర్వాత మెత్తనివి, ఆ తర్వాత నీళ్లు కూడా ఆగుతుంటే గొట్టం ఎక్కడో సన్నబడుతోందని అనుమానిస్తారు. ఏళ్ల తరబడి రిఫ్లక్స్ వల్ల మచ్చ కట్టి సన్నబడొచ్చు. క్యాన్సర్ కూడా కావచ్చు. గుట్కా, పొగ, మందు అలవాటున్నవాళ్లు ఈ మాట రెండుసార్లు వినండి. అలా కాకుండా మొదటినుంచీ అన్నం, నీళ్లు రెండూ ఆగుతుంటే కండరాల కదలికలోనే తేడా ఉందేమో చూస్తారు.

ఆ కదలికల జబ్బుల్లో ఒకటి అకలేషియా. ఏటా లక్షమందిలో సుమారు ఒకరికి కొత్తగా వస్తుంది. ఇందులో వాల్వ్ తెరుచుకోదు. తిన్నది గొట్టంలోనే నిలిచిపోయి, పడుకుంటే నోట్లోకి వస్తుంది. ఛాతీలో మంటగా కూడా ఉంటుంది. అందుకే చాలామంది దీన్ని రిఫ్లక్స్ అనుకుని ఏళ్ల తరబడి గ్యాస్ బిళ్లలు వాడతారు. ఈలోపు మనిషి బరువు తగ్గిపోతూ ఉంటాడు.

ఇది కొత్త జబ్బు కాదు. 1674లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లండ్ డాక్టర్ ఇలాంటి పేషెంట్ గురించి రాశాడు. తిమింగలం ఎముకకి స్పాంజి కట్టి ఇచ్చాడట. ఆ పేషెంట్ తిన్న ప్రతిసారీ దాంతో అన్నాన్ని కిందికి తోసుకుంటూ ఏళ్ల తరబడి బతికాడు. 1913లో జర్మనీ సర్జన్ ఎర్నెస్ట్ హెల్లర్ ఆ కండరాన్ని కోసే ఆపరేషన్ చేశాడు. 2008లో జపాన్ డాక్టర్ హారుహిరో ఇనోయే బయట కోతే లేకుండా చేశాడు. నోట్లోంచి ఎండోస్కోప్ పంపి, అన్నవాహిక లోపలి పొర కింద సొరంగంలా దారి చేసి, బిగుసుకున్న కండరాన్ని మాత్రం కోస్తారు. దాని పేరు పోయెమ్.

ఇది మనకి అందనంత దూరంలో ఏమీ లేదు. హైదరాబాద్‌లో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏఐజీ హాస్పిటల్ ఇప్పటికే వందల పోయెమ్ కేసుల ఫలితాలు మెడికల్ జర్నల్స్‌లో ప్రచురించింది. ఆయనకి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఇక్కడొక ట్విస్ట్ ఉంది. బిగుసుకున్న వాల్వ్ కోసేస్తే అది వదులవుతుంది కదా, అందుకే పోయెమ్ తర్వాత కొందరికి రిఫ్లక్స్ వస్తుంది. అప్పుడు అదే గ్యాస్ బిళ్ల సరైన మందవుతుంది. బిళ్లలో తప్పేం లేదు. ఏ జబ్బో తెలియకుండా మింగడమే సమస్య.

ఆ తెలుసుకునేది ఎలా? మొదట ఎండోస్కోపీ. గొంతులో స్ప్రే కొడతారు, మామూలుగా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. భయపడేంత సీన్ లేదు. అవసరమైతే బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తారు, కండరాల ఒత్తిడి కొలిచే మానోమెట్రీ చేస్తారు. మన వైపు వాళ్లకి తిరుపతి స్విమ్స్‌లో గ్యాస్ట్రో విభాగం ఉంది. గూడూరులో రైలెక్కితే వెళ్లొచ్చు.

ఇంకొన్ని చిన్న విషయాలు. చేప ముల్లు గుచ్చుకుంటే ఇంట్లో "అన్నం ముద్ద మింగు, అదే పోతుంది" అంటారు. వద్దు, ముల్లు ఇంకా లోతుగా దిగొచ్చు. చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికెళ్లండి. మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్ లాంటి బిళ్లలు గుక్కెడు నీళ్లతో వేసుకుని పడుకోకండి, గొట్టంలో అతుక్కుని పుండు చేస్తాయి. నిండు గ్లాసు నీళ్లు తాగి, అరగంట కూర్చోండి. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారు అంటాం కదా. పక్షవాతం వచ్చిన తాతకి నీళ్లు తాగిన ప్రతిసారీ పొలమారుతుంటే మాత్రం ఎవరూ తలుచుకోవట్లేదు, నీళ్లు ఊపిరితిత్తుల వైపు వెళ్తున్నాయి. కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పట్టండి, వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

ఇప్పుడు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ముద్ద ఆగడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రక్తం కక్కడం, తారులాంటి నల్లటి విరేచనం, రక్తం తగ్గిపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా గ్యాస్ బిళ్లతో సరిపెట్టుకోకండి, డాక్టర్‌కి చూపించుకోండి. ఉమ్మి కూడా దిగకుండా అడ్డుపడితే అది ఎమర్జెన్సీ. ఛాతీలో బరువుగా నొప్పి, చెమటలు, చేతికో దవడకో లాగుతుంటే సోడా తాగి చూద్దాం అనుకోకండి, ముందు ఈసీజీ. వయసు పాతికైనా సరే.

మీ ఇంట్లో అన్నం తినేటప్పుడు ప్రతి ముద్దకీ నీళ్లు తాగేవాళ్లెవరైనా ఉన్నారా? అందరూ తినేశాక కూడా ఒక్కళ్లే కూర్చుని మెల్లగా తినేవాళ్లు? చపాతీ మానేసి గంజికి వచ్చేసినవాళ్లు? మన పెద్దోళ్లు నోరు తెరిచి చెప్పరు, అలవాటు మార్చేసుకుంటారు అంతే. ఈరోజు రాత్రి అన్నం దగ్గర ఫోన్ పక్కన పెట్టి ఒకసారి వాళ్లని చూడండి. "అమ్మా, ముద్ద దిగుతోందా?" అని అడగండి. ఆ మాట అడిగాక ఈ వీడియో షేర్ చేయండి. ఉంటా మరి, బై.