బందూకు, కుర్చీ, గల్లాపెట్టె

(మంథనిలో అంబేడ్కర్ జయంతి సభలో చేసిన ఉపన్యాసం)



పొద్దుగాల సభకు వస్తుంటే రోడ్డు మీద మన వాడ పోరగాండ్లు ఉరుకుతున్నరు. "ఎందుకు తమ్మీ" అంటే "మిలిటరీ సెలక్షన్‌కన్నా" అన్నరు. ఇయ్యాల నా మాట వాళ్ల కోసమే.

ఈ దేశంలో కొందరు పెద్దోళ్ల జీవిత చరిత్ర ఒకే తీరుగ ఉంటది. ముందు సైన్యం, తర్వాత సర్కారు పదవి, ఆఖరుకు కంపెనీ. మన తెలుగాయన జనరల్ కె.వి. కృష్ణారావు 1981 నుంచి 1983 దాకా సైన్యాధిపతి. దిగినంక ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూ కాశ్మీర్‌కు గవర్నరైండు. ఇంకొందరు ఆఫీసర్లు రిటైరై కంపెనీల డైరెక్టర్లయితరు. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేస్తలేను. ఒక్కటే అడుగుతున్న: ఈ మూడు మెట్లు మనోడు ఎక్కబోతే ఏమైతది?

దీనికి జవాబు బాబాసాహెబ్ బతుకులోనే ఉన్నది.

ఆయన పుట్టింది 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంట్‌లో. తండ్రి రాంజీ సుబేదారు, మిలిటరీ బడిలో హెడ్మాస్టరు. ఊరి బడి మనల్ని గడప తొక్కనియ్యని కాలంలో పటాలం బడి సిపాయి పిల్లలకు అక్షరం నేర్పింది. 1818లో కోరేగావ్‌లో పేష్వా సైన్యంతోటి కొట్లాడినోళ్లలో మహర్లు ఉన్నరు. అయినా 1890ల్లో 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకొని బ్రిటిషోడు మహర్లకు సైన్యం తలుపు మూసిండు. ఆ లెక్కతోనే మద్రాసు సైన్యంలో తెలుగోళ్ల భర్తీ కూడా తగ్గించిండ్రు. రక్తం ధారపోసినోళ్లు ఒక్క ఆర్డరుతో పిరికోళ్లయిపోయిండ్రు.

ఇగ కుర్చీ సంగతి. బరోడా మహారాజు స్కాలర్‌షిప్ ఇచ్చి 1913లో అంబేడ్కర్‌ను అమెరికా పంపిండు. తిరిగొచ్చినంక 1917లో తన సైనిక కార్యదర్శిగా పెట్టుకున్నడు. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చినాయన. కానీ ఆఫీసులో నౌకరు ఫైలు చేతికియ్యలేదు, దూరం నుంచి విసిరిండు. ఊర్లో ఇల్లు కిరాయికి దొరకలేదు. పార్సీ పేరు చెప్పి ఒక సత్రంలో ఉంటే, పదకొండో రోజు కట్టెలు పట్టుకొని పార్సీలొచ్చి ఎల్లగొట్టిండ్రు. ఆర్డరు చేతిలో ఉన్నది, కూసునే జాగ లేదు.

బొంబాయి పోయి వ్యాపారం పెట్టిండు. షేర్లు, పెట్టుబడుల మీద సలహాలిచ్చే దుకాణం. మొదట గిరాకీ వచ్చింది. కులం ఎరుకైనంక గిరాకీ ఆగింది. ఎకనామిక్స్‌లో ఆయనంత చదివినోడు బొంబాయి బజారులో ఎందరున్నరు? బజారు చదువును చూడలేదు, కులాన్ని చూసింది.

అయితే అక్కడ ఆగిపోతే ఆయన అంబేడ్కర్ ఎట్లయితడు? 1941లో రక్షణ సలహా సంఘంలో చోటు దొరికితే మహర్ల కోసం కొట్లాడిండు, ఆ అక్టోబరులోనే మహర్ రెజిమెంట్ లేచింది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరు. 1943లో కేంద్ర కొలువుల్లో మనకు 8.33 శాతం రిజర్వేషన్ తెప్పించిండు. అదే పెరిగి ఇయ్యాల 15 శాతమైంది. ధన్‌బాద్ బొగ్గు గనులు స్వయంగా చూసొచ్చిండు. 1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు ఆయన శాఖదే. గోదావరిఖనిల బొగ్గు తవ్వే మన అన్నలు ఈ సంగతి తమ పిల్లలకు చెప్పాలె. తాను ఎక్కిన మెట్టు కింద ఇంకో వెయ్యి మందికి నిచ్చెన వేసిండు. పదవి అంటే ఆయనకు అది.

ఇప్పటి సంగతి చూద్దాం. సైన్యంలో కులం రిజర్వేషన్ లేదు. పేదింటి పిల్లగాడు కాళ్ల బలంతోటి కొట్టుకొచ్చే నౌకరి, వెనక పింఛను ఉండే నౌకరి అది. 2022లో అగ్నిపథ్ తెచ్చి నాలుగేండ్లన్నరు. నూటికి ఇరవై ఐదు మందిని ఉంచుకుంటరు, మిగిలినోళ్లు పింఛను లేకుండ ఇంటికి. ఇరవై రెండు, ఇరవై మూడేండ్లకు మాజీ సైనికుడై వాడకు వచ్చినోడిని ఏ కంపెనీ డైరెక్టరును చేస్తది? గేటు కాడ సెక్యూరిటీగ నిలబెడ్తది.

కుర్చీ? ఇదే మంథని నుంచి 1957లో మొదలుపెట్టి ఇరవై ఏండ్లు ఎమ్మెల్యేగ ఉన్న పి.వి. నరసింహారావు 1991లో ప్రధాని అయిండు. మన ఊరి పేరు ఢిల్లీ దాకా పోయిందని అందరం సంబురపడ్డం. ఆయన తెచ్చిన కొత్త ఆర్థిక విధానంతోటే సర్కారు ఫ్యాక్టరీలకు గడ్డుకాలం వచ్చింది. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడ్డది. సర్కారు నౌకరి ఉంటేనే రిజర్వేషన్. పని కాంట్రాక్టుకు పోయిన కాడ రోస్టరు ఎవడు చూస్తడు?

గల్లాపెట్టె? సర్కారు సంస్థలు కొనే సరుకులో 4 శాతం దళిత, గిరిజన వ్యాపారుల దగ్గర కొనాలని 2012లో కేంద్రం పాలసీ పెట్టింది. ఇక్కడ కూసున్నోళ్లలో ఆ సంగతి ఎందరికి ఎరుక? 2021 ఆగస్టు 16న మన పక్కనే హుజూరాబాద్‌లో దళితబంధు మొదలైంది, ఇంటికి పది లక్షలు. పైసలు కావాలె, కాదంటలేను. కానీ మనోడు హోటల్ పెడితే చాయ తాగేటోడు కూడా కావాలె కదా! బాబాసాహెబ్ దుకాణం పెట్టుబడి లేక మునగలేదు.

అందుకే మనం అడగాల్సినవి మూడు. ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్. కాంట్రాక్టు పనిలో రోస్టరు. నాలుగేండ్ల సిపాయికి పక్కా నౌకరి, పింఛను.

మన నుంచి ఎక్కినోళ్లకు కూడా ఒక మాట. పటాలం నుంచి వచ్చినోళ్లు, ఆఫీసర్లయినోళ్లు, కాంట్రాక్టర్లయినోళ్లు వాడను మర్చిపోవద్దు. పండుగకు వచ్చి కారు చూపించి పోవుడు కాదు. నెలకొక ఆదివారం పిల్లలతోటి కూసోండ్రి. దరఖాస్తు ఎట్ల రాయాలె, టెండరు ఎట్ల వేయాలె, ఫిజికల్ టెస్టుకు ఏమేం కావాలె చెప్పుండ్రి.

తమ్ములారా, ఉరుకుండ్రి. ఉరుకుడు ఆపొద్దు. కానీ ఒక్కడే గెలిచే పందెం అనుకోవద్దు. పక్కోడు పడితే లేపి ఉరుకుండ్రి.

జై భీమ్!