ఓట్ల లెక్క, జ్వరాల లెక్క



హైదరాబాద్‌లో శ్రీనగర్ కాలనీ నుంచి ఎర్రగడ్డ పెద్ద దూరమేమీ కాదు. అమీర్‌పేట దాటి, ఎస్.ఆర్. నగర్ మీదుగా వెళితే ఛాతీ ఆస్పత్రి వస్తుంది. ఊళ్లో దానికి టీబీ ఆస్పత్రి అనే పేరు. 2009 మే నెలలో అమెరికా నుంచి దుబాయ్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన ఒక యువకుడిని జ్వరంతో అక్కడే విడిగా ఉంచారు. మే 16న పరీక్ష ఫలితం వచ్చింది. దేశంలో నిర్ధారణ అయిన తొలి స్వైన్ ఫ్లూ కేసు అది.

మే 16 అంటే ఏమిటో మీకు గుర్తుండే ఉంటుంది. లోక్‌సభకూ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకూ ఓట్లు లెక్కపెట్టిన రోజు. ఊరంతా టీవీల ముందు కూర్చుని ఏ రౌండులో ఎవరికి ఎంత మెజారిటీ అని చూస్తుంటే, ఇక్కడ ఇంకో లెక్క ఒకటితో మొదలైంది. రాజశేఖర రెడ్డి గారు ముఖ్యమంత్రిగా రెండోసారి ప్రమాణం చేసింది 20న. ఢిల్లీలో కొత్త మంత్రివర్గం కొలువుదీరడం మొదలైంది 22న, ఆరోగ్య శాఖ గులాం నబీ ఆజాద్ చేతికి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వైన్ ఫ్లూను మహమ్మారిగా ప్రకటించింది జూన్ 11న. సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. మర్నాడు రోశయ్య గారు పగ్గాలు అందుకున్నారు. ఇంత జరుగుతున్నా జ్వరం మాత్రం తన దారిన తాను వ్యాపిస్తూనే ఉంది.

మరి ఆ మే నెలలో, పాత ప్రభుత్వం వెళ్లీ వెళ్లక, కొత్తది వచ్చీ రాక ఉన్న ఆ రోజుల్లో పని చేసిందెవరు? విమానాశ్రయంలో థర్మామీటర్ పట్టుకున్న ఆరోగ్య సిబ్బంది, ఛాతీ ఆస్పత్రి వార్డులో నర్సులు, ల్యాబ్‌లో టెక్నీషియన్లు. పర్మనెంటో, కాంట్రాక్టో, నెల జీతం మీద బతికేవాళ్లు. కొత్తగా కుర్చీ ఎక్కే ఏ ప్రభుత్వానికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే: ముందు ఆ ఖాళీలు నింపండి, ఆ జీతాలు సమయానికి ఇవ్వండి. శంకుస్థాపనలు తర్వాత చేసుకోవచ్చు.

రెండో మాట కొంచెం విడమరిచి చెప్పాలి. మహమ్మారి వచ్చిందనగానే ఎవరైనా మొదట అడిగేది పడకలు ఎన్ని, వెంటిలేటర్లు ఎన్ని అని. అవి కావాలి, కాదనను. కానీ వెంటిలేటర్ దాకా వచ్చిన మనిషికి రోగం అంటి చాలా రోజులైపోయి ఉంటుంది. కోవిడ్‌నే తీసుకోండి. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనిపించడానికి, మొదట్లో వచ్చిన రకాల్లో, సగటున ఐదు రోజులు పట్టేది. గొంతు గరగరలాడితే ఇంకో రెండు రోజులు మిరియాల కషాయంతో గడుపుతాం. ఆ తర్వాత పరీక్ష, ఆ తర్వాత ఫలితం. ఆ ఫలితం బులెటిన్‌లోకి ఎక్కాలి. ఈ నెల చేతికొచ్చే కరెంటు బిల్లు పోయిన నెల వాడకానిది అయినట్టే, ఈ రోజు చూసే కేసుల అంకె వారం పది రోజుల కిందట అంటిన రోగానిది. ఐదు రోజులకోసారి రెట్టింపయ్యే జబ్బయితే, బులెటిన్‌లో వంద కనిపించే రోజుకు బస్తీలో నాలుగు వందలు ఉంటాయి. పరీక్షలు తక్కువ చేస్తే ఆ వంద కూడా కనిపించదు. అంకె చిన్నదిగా ఉంది కదా అని ప్రభుత్వమూ నిద్రపోతుంది, మనమూ పెళ్లిళ్లకు వెళ్తాం.

2020లో మన తెలంగాణలో జరిగింది ఇదే. పరీక్షలు పెంచండి, బులెటిన్‌లో వివరాలు సరిగా ఇవ్వండి అని హైకోర్టు పదేపదే చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో హబ్సిగూడలోని సీసీఎంబీ, తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఒక తెలివైన పని చేశారు. వైరస్ సోకినవాళ్ల మలంలో దాని ఆనవాళ్లు 35 రోజుల దాకా కనిపించవచ్చు. అందుకని నగరంలోని మురుగు శుద్ధి కేంద్రాల నీళ్లు తెచ్చి పరీక్షించారు. సుమారు ఒక నెల వ్యవధిలో హైదరాబాద్‌లో 6 లక్షలకు పైగా జనానికి సోకి ఉంటుందని అంచనా కట్టారు. అప్పటికి రాష్ట్రం మొత్తం మీద అధికారిక లెక్క ఇంకా లక్ష కూడా దాటలేదు! మనిషైతే పరీక్షకు భయపడతాడు, పక్కింటివాళ్లకు తెలుస్తుందని దాచుకుంటాడు. మురుగునీటికి ఆ బెంగ లేదు. ఖర్చూ తక్కువ, ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టే పని లేదు. ఇలాంటి నిఘా రోగం లేని రోజుల్లో కూడా నడుస్తూ ఉండాలి. జబ్బు వచ్చాక మొదలుపెడితే ఏది మామూలో, ఏది కొత్తో తెలిసేది ఎలా?

ఇక మన అమీర్‌పేట సంగతి. కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు, ఒక్కో గదిలో నలుగురైదుగురు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే చాలా హాస్టళ్లు పిల్లల్ని ఖాళీ చేయమన్నాయి. మార్చి 25న ఎస్.ఆర్. నగర్, పంజాగుట్ట పోలీస్ స్టేషన్ల ముందు బ్యాగులతో బారులు తీరారు, ఊరికి వెళ్లడానికి అనుమతి పత్రాల కోసం. మనిషికీ మనిషికీ దూరం ఉండాలని లాక్‌డౌన్ పెట్టి, అంతమందిని ఒకేచోట గుంపుగా నిలబెట్టాం. పత్రాలు చేతబట్టుకుని బయల్దేరినవాళ్లను జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపేశారు. వస్తే క్వారంటైన్‌కు వెళ్లాలన్నారు. ఇక్కడేమో పత్రాలు చెల్లవన్నారు, హాస్టళ్లు మూయొద్దన్నారు. రెండు రాష్ట్రాల మధ్య పిల్లలు నడిరోడ్డు మీద మిగిలారు.

దీనికి పోలీసులను తిట్టి లాభం లేదు. ఉత్తర్వు రాసేటప్పుడు హాస్టల్ కుర్రాడు ఎవరికీ గుర్తు రాలేదు, అంతే. కాబట్టి కొత్త ప్రభుత్వం ఆరోగ్య శాఖ ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని మహమ్మారి ప్రణాళిక వేస్తే చాలదు. ఆ గదిలో పోలీసు ఉండాలి, మున్సిపల్ కమిషనర్ ఉండాలి, పౌరసరఫరాలవాళ్లు ఉండాలి, పక్క రాష్ట్రపు అధికారి ఫోన్‌లోనైనా ఉండాలి. హాస్టళ్లు ఎన్ని, వాటిలో ఎంతమంది అనే జాబితా ముందే ఉండాలి.

కొత్త ప్రభుత్వం మాటొచ్చింది కనుక 2015నూ తలచుకోవాలి. తెలంగాణ ఏర్పడి అప్పటికి ఏడాది కూడా కాలేదు. జనవరిలో స్వైన్ ఫ్లూ మళ్లీ విజృంభించింది, గాంధీ ఆస్పత్రి కిటకిటలాడింది. ఆ నెల 25న ఆరోగ్య శాఖ చూస్తున్న ఉపముఖ్యమంత్రి రాజయ్య గారిని తప్పించి, ఆ శాఖను లక్ష్మారెడ్డి గారికి ఇచ్చారు. రాజకీయాల జోలికి నేను వెళ్లను. మంత్రి మారితే పత్రికలకు వార్త. పరీక్ష కిట్లూ మాత్రలూ రావాలంటే మాత్రం ఎవరో చలికాలానికి ముందే ఇండెంట్ పెట్టి ఉండాలి. ఈ ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ మాత్ర జ్వరం మొదలైన 48 గంటల లోపు పడితే బాగా పనిచేస్తుంది. బస్తీ దవాఖానాలో అది ఉందా లేదా అన్నది నాకు అన్నిటికంటే పెద్ద ప్రశ్న.

ఆ ఏడాది దేశం మొత్తం మీద 42,592 కేసులు, 2,990 మరణాలు నమోదయ్యాయి. ఇంకొంచెం వెనక్కి వెళితే మరో వింత. 2009లో, అంత గగ్గోలు పెట్టిన ఏడాదిలో, మరణాలు 981. మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2010 ఆగస్టులో. ఆ 2010లో మన దేశంలో మరణాలు 1,763! పత్రికల మొదటి పేజీలోంచి దిగిపోయాకే ఎక్కువమంది పోయారు.

మళ్లీ ఎర్రగడ్డకు వస్తాను. ఛాతీ ఆస్పత్రిలో ఏటా టీబీ రోగులు వస్తూనే ఉంటారు. 2019లో దేశంలో గుర్తించిన టీబీ రోగులు సుమారు 24 లక్షలు. 2020లో అది 18 లక్షలకు పడిపోయింది. టీబీ ఏమైనా తగ్గిందా? లేదండీ, గుర్తించడం తగ్గింది. బస్సుల్లేవు, ఓపీలు మూతపడ్డాయి, దగ్గుతున్నవాళ్లు ఇంట్లోనే ఉండిపోయి పక్కవాళ్లకు అంటించారు. ఏ ఆస్పత్రినైనా మొత్తంగా ఒక్క జబ్బుకే రాసిచ్చే ముందు, అక్కడికి రోజూ వచ్చే కాన్పులు, డయాలసిస్‌లు, పసిపిల్లల టీకాలు ఎక్కడికి పోతాయో అదే ఉత్తర్వులో రాయాలి.

బాగా చేసినవీ ఉన్నాయి. 2021 మేలో రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, మున్సిపల్ సిబ్బంది ఇంటింటికీ వచ్చి జ్వరాలు అడిగారు. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందుల కిట్ చేతిలో పెట్టారు. మన పంజాగుట్ట నిమ్స్‌లోనూ కోవాగ్జిన్ తొలి దశ ప్రయోగాలు జరిగాయి, వలంటీర్లు ముందుకొచ్చి చేయి చాపారు. 2023 డిసెంబర్ 7న ఇంకో కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన కొద్ది రోజులకే జేఎన్.1 అనే కోవిడ్ రకం కంగారు పెట్టింది. పెద్ద నష్టం లేకుండానే పోయింది. జనంలో అప్పటికే టీకాల వల్లా, వచ్చిపోయిన జబ్బుల వల్లా నిరోధక శక్తి ఉండటమే అందుకు పెద్ద కారణం.

చివరగా మన ఇళ్ల మాట. 2020లో మన అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల పనిమనుషుల్ని గేటు దగ్గరే ఆపేశారు. కొందరు జీతం ఇచ్చారు, చాలామంది ఇవ్వలేదు. జ్వరం అని చెబితే పని పోతుందని తెలిస్తే ఎవరు చెబుతారు? అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం తెల్ల రేషన్ కార్డులవారికి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. దాన్ని సంక్షేమ పథకమనే చూశాం. నా దృష్టిలో అది అంటువ్యాధి నివారణ కూడా, ఎందుకంటే ఇంట్లో గింజలున్నవాడే పదిరోజులు ఇంట్లో ఉండగలడు.

మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే కిటికీలు తెరవండి, పెద్దవాళ్లను వేరే గదిలో పడుకోబెట్టండి. మూడో రోజుకీ తగ్గకపోతే, గర్భిణులూ చక్కెర జబ్బువాళ్లూ అయితే మొదటి రోజే, డాక్టరుకు చూపించండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో అంకె 94 కంటే తగ్గినా, పిల్లలకు ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా ఇంట్లో ఆగొద్దు. ఇంటికి ఏఎన్ఎం వచ్చి ఎవరికైనా జ్వరం ఉందా అని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ పనిమనిషికి జ్వరమొస్తే ఆ రోజుల జీతం కోయకండి.