వాగులో చేప ఎందుకు ఎదగడం లేదు?



ఆట, పాట మన సంస్కృతి అని పొద్దుటి నుంచి చెప్పుకుంటున్నాం. వాగు కూడా మన సంస్కృతే. గోదావరి, శబరి, కిన్నెరసాని, తాలిపేరు ఒడ్డున బతికే మనకు పరిగె, జెల్ల, కొర్రమీను కూర మాత్రమే కాదు, సంతలో చేతికొచ్చే నాలుగు రూపాయలు కూడా.

ఈసారి చేప పట్టినప్పుడు దాని ఒళ్లు పరిశీలించండి. పొలుసుల మీద పల్చటి బిళ్లలా అతుక్కుని కదిలేది చేప పేను, ఆర్గులస్. అది రక్తం పీలుస్తుంది, నీటిలోని రాళ్లకు, కర్రలకు గుడ్లు అంటిస్తుంది. చర్మంలోంచి దారప్పోగులా వేలాడేది లెర్నియా. దాని తల కండలో దిగబడి ఉంటుంది. పేగుల్లో బద్దె పురుగులుంటాయి. తిన్న తిండి వీటికే పోతే చేప ఒళ్లు ఎలా పెరుగుతుంది?

అయితే ఈ పురుగులు కొత్తవి కావు. ఆరోగ్యంగా ఉన్న చేప వాటిని చాలావరకు తట్టుకుంటుంది. ఆ శక్తిని తీసేస్తున్నవి మందులు. పత్తి, మిర్చి చేలల్లో కొట్టిన మందు వానకు వాగులోకి దిగుతుంది. సైపర్‌మెత్రిన్ చాలా కొద్ది మోతాదులోనే చేపకు విషం. మోనోక్రోటోఫాస్ నరాలను దెబ్బతీస్తుంది. అప్పటికి చావకుండా మిగిలిన చేప మేత తగ్గిస్తుంది, మొప్పలు పాడై ఊపిరికి కష్టపడుతుంది, రోగాన్ని తట్టుకోలేకపోతుంది. పురుగు గెలిచేది అప్పుడే.

ఇక మన తప్పు కూడా మనమే చెప్పుకోవాలి. మన తాతలు చెట్ల కాయలు, బెరడు దంచి చిన్న మడుగుల్లో చేపలు పట్టేవారు. ఇప్పుడు మనలో కొందరం బ్లీచింగ్ పౌడరు, పురుగుమందు వాగులోనే పోస్తున్నాం. ఒక పూట కూర కోసం గుడ్లు, పిల్లలు, చేప తినే పురుగూపుట్రా అన్నీ చస్తున్నాయి. ఆ నీళ్లనే కింది గూడెం తాగుతుంది. చేపల కోసం నీటిలో విషం కలపడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నేరం.

మనం చేయగలిగినవి ఉన్నాయి. స్ప్రేయరు, మందు డబ్బాలు వాగులో కడగొద్దు. చేనుకీ వాగుకీ మధ్య గడ్డి, చెట్లు ఉంచుదాం. పేను పట్టిన చెరువు చేపను వాగులో వదలొద్దు. మందుకు చచ్చిన చేపను తినొద్దు, అమ్మొద్దు. పుండ్లున్న చేపలు ఎక్కువగా కనిపిస్తే మత్స్యశాఖ వారికి చెబుదాం.

మన తాతలు మనకు వాగును చేపలతో అప్పగించారు. మన పిల్లలకు వట్టి నీళ్లు అప్పగించొద్దు.

జై ఆదివాసీ.