పువ్వును మోసిన కాడ

ఎవరి స్మృతిలో ఈ సాయంత్రం కూడామో, ఆ మాష్టారు ఏ మొక్కను పరిచయం చేసినా కాడ దగ్గరే మొదలుపెట్టేవారు. అందుకే ఇవాళ ఐరిస్ పూల రంగులను పక్కన పెట్టి, వాటిని మోసే కాడల చరిత్ర చెబుతాను.

పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా తోటల్లోని బియర్డెడ్ ఐరిస్‌లు చాలావరకు రెండు జాతుల సంతానం. పాలిడా పొడుగ్గా లేస్తుంది కానీ పూలన్నీ కాడ పైభాగానే గుమిగూడతాయి. వేరిగేటా కొమ్మలు వేస్తుంది, ఎత్తు మాత్రం తక్కువ. రెంటికీ 24 క్రోమోజోములే. కేంబ్రిడ్జిలో శరీరధర్మశాస్త్రం బోధించిన మైకేల్ ఫోస్టర్ తుర్కీ ప్రాంతాల నుంచి పెద్ద పూల ఐరిస్‌లు తెప్పించి పెంచాడు. అమాసియా నుంచి వచ్చిన 'అమాస్' వాటిలో ఒకటి. వాటికి రెట్టింపు, అంటే 48 క్రోమోజోములని తర్వాతి తరం లెక్కించి తేల్చింది. 1907లో కన్నుమూసిన ఫోస్టర్‌కు తన మొక్కల బలానికి అసలు కారణం తెలియనే లేదు.

డెవన్‌లో ఆర్థర్ బ్లిస్ అమాస్‌తో సంకరం చేసి తీసిన 'డొమినియన్' 1917లో బయటికొచ్చింది. పూలు పెద్దవయ్యాయి. కష్టం కూడా అక్కడే మొదలైంది: ఆ బరువును కాడ మోయాలి కదా. కంకి బరువెక్కిన చేను గాలివానకు పడిపోవడం మన వరి రైతుకు తెలిసిన బాధే. వరిలో శాస్త్రజ్ఞులు కాడను పొట్టి చేసి గట్టెక్కారు. 1966లో విడుదలైన ఐఆర్-8 అలాంటిదే. పొడుగు ఐరిస్‌కు ఆ దారి లేదు, పొడుగే దాని అందం. కాడ ఎత్తు తగ్గకుండా గట్టిపడాలి, కొమ్మలు సరైన చోట విడిపోవాలి. కొమ్మ కాడకు అంటుకుపోతే పువ్వు విచ్చుకునే చోటుండదు. మరీ పక్కకు సాగితే బరువుకు విరుగుతుంది. ఒక్కో పువ్వు నిలిచేది రెండు మూడు రోజులే కనుక, కాడకు కనీసం ఏడు మొగ్గలైనా ఉంటేనే మొక్క కొన్ని వారాలు పూస్తుంది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది కాలిఫోర్నియాలోని క్లారా రీస్ కృషి. ఆమె 'ప్యూరిస్సిమా'ను 'థాయిస్'తో కలిపి తీసిన 'స్నో ఫ్లరీ' 1939లో వచ్చింది. అంచులు మడతలు తేలిన తెల్లని పువ్వు, చక్కగా కొమ్మలు వేసే కాడ. దాని పుప్పొడి దాదాపు పనికిరాదు. తల్లిగా మాత్రం విత్తనాలిచ్చింది, ఆ గుణాలను ఎన్నో తరాల రకాలకు పంచింది. అమెరికాలో ఐరిస్‌కు దక్కే అత్యున్నత గౌరవం డైక్స్ పతకం. అది ఆమె మొక్కకు రాలేదు. అయినా పతకాలు గెలిచిన చాలా రకాలకంటే దాని ప్రభావమే పెద్దదని నా నిశ్చితాభిప్రాయం.

విత్తు నుంచి పువ్వు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. మొదటి ఏడాది లేచిన కాడను నమ్మి తీర్పు చెప్పలేం. మరో ఏడాది ఆగి చూడాలి. ఈ సభలోని విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే: ఇకపై ఏ పూలమొక్క గురించి రాసుకున్నా, రంగు కంటే ముందు కాడ ఎత్తు, కొమ్మల సంఖ్య, మొగ్గల లెక్క రాసుకోండి.