సూర్యుడి మీద చలిమంటలు

భోజనాలకు ముందు మైకు పట్టుకున్నవాణ్ణి ఎవరూ క్షమించరని తెలుసు. అయిదు నిమిషాల్లో ముగిస్తాను.

మాది గుంటూరు. 1995 అక్టోబరు 24న గ్రహణం పట్టినప్పుడు మా నాయనమ్మ తలుపులు వేసి మమ్మల్ని ఇంట్లోనే కూర్చోబెట్టింది. 2024 ఏప్రిల్ 8న డాలస్‌లో మా పెరట్లో నిలబడి సంపూర్ణ గ్రహణం చూశాను. నల్లటి చంద్రబింబం చుట్టూ తెల్లటి కరోనా. "ఆ వెలుగు వేడి పది లక్షల డిగ్రీల పైమాటే" అన్నాను గొప్పగా. మా అమ్మాయి వెంటనే అడిగింది: "సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలే కదా నాన్నా? పొయ్యికి దూరంగా జరిగితే వేడి తగ్గాలి గానీ, పెరుగుతుందేంటి?"

నా దగ్గర జవాబు లేదు. ఇంజనీరింగ్ చదివిన తండ్రికి అది చిన్న అవమానమా! ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను.

సూర్యుడి ఉపరితలం పొయ్యి మీది పప్పులా కుతకుతలాడుతూ ఉంటుంది. ఒక్కో బుడగ వెడల్పు సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఆ ఉడుకుకు అయస్కాంత క్షేత్ర రేఖల మొదళ్ళు అటూ ఇటూ కదిలి, పైన రేఖలు జడపాయల్లా అల్లుకుంటాయి. మెలి మరీ బిగిస్తే తెగి, మరోలా అతుక్కుంటాయి. అప్పుడు శక్తి వెలువడి వేడిగా మారుతుంది. పెద్ద సౌరజ్వాలలో వందకోట్లవ వంతు ఉండే 'నానోఫ్లేర్లు' లెక్కలేనన్ని కలిసి కరోనాను కాస్తున్నాయని 1988లో యూజీన్ పార్కర్ ప్రతిపాదించారు.

2020 మే 30న సోలార్ ఆర్బిటర్ నౌక సూర్యుడికి 7.7 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి తీసిన ఫొటోల్లో ఎటు చూసినా చిన్న చిన్న మెరుపులు. శాస్త్రజ్ఞులు వాటిని 'క్యాంప్‌ఫైర్లు' అన్నారు. మన మాటలో చలిమంటలు. చిన్నవంటే ఏమాత్రం? 400 నుంచి 4,000 కిలోమీటర్లు! అతి చిన్నది కూడా దాదాపు విజయవాడ నుంచి చెన్నై అంత. ఉండేది మాత్రం 10 నుంచి 200 సెకన్లు.

మా సాఫ్ట్‌వేరులోనూ ఇదే చూశాను. పెద్ద క్రాష్ అయితే పదిమంది పరిగెత్తుకొస్తారు. సర్వరును మెల్లగా తినేసే చిన్న చిన్న మెమరీ లీకులను ఎవరూ పట్టించుకోరు. సూర్యుడి సంగతీ అంతేనా? పూర్తిగా తేలలేదు. ఈ చలిమంటల వాటా ఎంత, అయస్కాంత తరంగాల వాటా ఎంత అన్నది ఇంకా చర్చలోనే ఉంది.

ఈ చదువులోనే మరో సంగతి తెలిసింది. 1868 ఆగస్టు 18న జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మా గుంటూరు వచ్చి సంపూర్ణ గ్రహణం చూశాడు. మర్నాడు గ్రహణం లేకుండానే, వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను పరిశీలించాడు. గుంటూరులో పుట్టి పెరిగిన నాకు ఈ ముక్క డాలస్ వచ్చాక తెలిసింది!

నాయనమ్మను తప్పుపట్టను. మా కళ్ళు కాపాడాలనే ఆవిడ తాపత్రయం. కానీ మన పిల్లలు అడిగినప్పుడు మాత్రం తలుపు వేయకండి. "నాకూ తెలియదమ్మా, కలిసి చదువుదాం" అనండి. ఆ మాట అన్నాకే నేను ఇంత నేర్చుకున్నాను.

ఇక లేవండి. వంటలు కరోనా లాంటివి కావు. పొయ్యి దిగితే చల్లారిపోతాయి. సెలవు.