శాంక్షన్ అంటే వరమా, శిక్షా?

ఈరోజు మాట శాంక్షన్. "ఇది మాకు తెలియదా మాస్టారూ" అంటారేమో. తెలుసు. లోన్ శాంక్షన్ అయింది, లీవు శాంక్షన్ చేశారు, ఊరికి రోడ్డు శాంక్షన్ అయింది. ఇంగ్లీషు రాని అమ్మమ్మలు కూడా వాడే మాటే. కానీ మనకి తెలిసింది సగమే. మిగతా సగం తెలియక మా అక్క కొడుకు ఎలా ఇరుక్కున్నాడో చెప్తాను.

వాడు ఎమ్మెస్ కోసం విదేశానికి అప్లై చేస్తున్నాడు. ఫారంలో ఒక ప్రశ్న: "హ్యావ్ యూ ఎవర్ బీన్ శాంక్షన్డ్ బై ఎనీ కాలేజ్?" బీటెక్‌లో స్కాలర్‌షిప్ శాంక్షన్ అయింది కదా అని గర్వంగా "యస్" మీద టిక్కు పెట్టాడు. వివరాలు రాయమంటే "నాలుగేళ్లూ, ప్రతి ఏడాదీ" అని రాశాడు! వారానికి మెయిల్ వచ్చింది. ఏం తప్పు చేశావు, ఏం శిక్ష వేశారు, కాలేజీ నుంచి లెటర్ పంపు, అప్పటిదాకా నీ అప్లికేషన్ ఆపుతున్నాం అని. "మామయ్యా, నేనేం చేశాను?" అని ఫోన్లో ఏడుపొక్కటే తక్కువ. ఆ ప్రశ్నకి అర్థం ఏంటంటే, "నీ మీద కాలేజీ ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకుందా?" అని.

ఒకే మాటకి అనుమతి, శిక్ష అని రెండు అర్థాలు ఎలా వచ్చాయి? దీని మూలం లాటిన్‌లో ఉంది. పవిత్రం చేయడం, చట్టంగా స్థిరపరచడం అనే అర్థమున్న క్రియ అది. రోమన్ల చట్టంలో దాన్ని మీరితే ఏ శిక్షో చెప్పే భాగాన్ని కూడా ఈ మాటతోనే పిలిచేవారు. అంటే చట్టానికి ఆమోదం ఇచ్చేదీ, బలం ఇచ్చేదీ ఒకటే మాట. ఆమోదం ఒక దారి పట్టింది, శిక్ష ఇంకో దారి పట్టింది.

పేపర్లో "ఆంక్షలు" అని చదువుతాం చూడండి, అవే శాంక్షన్స్. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దాడి చేస్తే నానాజాతి సమితి విధించినవి ఇవే. 1990లో కువైట్‌ని ఆక్రమించిన ఇరాక్ మీద ఐక్యరాజ్య సమితి విధించినవీ ఇవే.

మరి గుర్తుపట్టడం ఎలా? మూడు గుర్తులు పెట్టుకోండి. ఒకటి, బహువచనంలో "శాంక్షన్స్" అని ఉంటే దాదాపు ఎప్పుడూ శిక్షే. రెండు, వెనకాల "ఆన్" గానీ "అగెనెస్ట్" గానీ వస్తే శిక్ష. మూడు, ఇది చాలా ముఖ్యం, శాంక్షన్ అయింది ఏంటో చూడండి. డబ్బు, సెలవు, పోస్టు, పథకం అయితే అనుమతి. మనిషో, కంపెనీయో, దేశమో అయితే శిక్ష. "మై లోన్ వాజ్ శాంక్షన్డ్" అంటే స్వీట్లు పంచుకోవచ్చు. "ఐ వాజ్ శాంక్షన్డ్" అంటే మాత్రం నాకు శిక్ష పడిందని చెప్పుకున్నట్టే.

ఒక్క చోట జాగ్రత్త. 1988 అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగి మీద కోర్టు కేసు చేపట్టాలంటే ముందు శాంక్షన్ కావాలి. అక్కడ అర్థం అనుమతే. కాకపోతే ఆ అనుమతి వస్తే ఉద్యోగికి గండం!

మావాడి సంగతి అడుగుతారు కదా. తప్పు ఒప్పుకుని మెయిల్ పెట్టాడు, కాలేజీ నుంచి కాండక్ట్ సర్టిఫికెట్ పంపాడు. అప్లికేషన్ కదిలింది గానీ, ఆ సెమిస్టర్ దాటిపోయింది. ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నాడు. అందుకే చెప్తున్నాను, తెలిసిన మాటే కదా అనుకున్న చోట ఒక్కసారి డిక్షనరీ తెరవండి. తెలియని మాట దగ్గర ఎలాగూ ఆగుతాం.

వెళ్ళేముందు ఒక ప్రశ్న: "స్టేట్-శాంక్షన్డ్ వయొలెన్స్" అంటే ప్రభుత్వం శిక్షించిన హింసా, అనుమతించిన హింసా? మూడో గుర్తు వాడి చూడండి. జవాబుతో వచ్చేసారి కలుద్దాం. నమస్తే.