సౌండ్ రికార్డు చేసింది నిర్మాత, లాయరు!

ఇక్కడ సుబేదారిలో నేను మాట్లాడుతుంటే ఆటో హారన్ పడిందనుకోండి, ఎడిటింగ్‌లో తీసేస్తా. 1931లో బొంబాయిలో 'ఆలం ఆరా' తీసినవాళ్లకు ఆ వీలు లేదు. టానార్ కెమెరాలో బొమ్మ, మాట రెండూ ఒకే ఫిల్ము మీద పడేవి. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. అందుకే ఎక్కువ షూటింగ్ అర్ధరాత్రి దాటాకే. మైకులు నటుల దగ్గర్లోనే దాచేవాళ్లు.

మిషన్ బిగించడానికి వచ్చిన విల్‌ఫోర్డ్ డెమింగ్‌కు రోజుకు 100 రూపాయలు. అంత ఇచ్చుకోలేక నిర్మాత అర్దేషిర్ ఇరానీ తనే పని నేర్చుకున్నారు. లాయరైన రుస్తుం భరూచా సాయంతో సినిమా మొత్తం రికార్డు చేశారు.

అందులో నటించిన మన ఎల్.వి.ప్రసాద్, 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ ఉన్నారు. తెర మీదోళ్లు మనకు గుర్తే. ఆ మాటల్ని పట్టినోళ్లనూ గుర్తుపెట్టుకుందాం. ఉంటా మరి.